మొదటి బస్సు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

రేపు ఉదయం మన అమ్మాయి సిటీ బస్సు స్టీరింగు పట్టుకుంటోంది. పదిమందిని క్షేమంగా గమ్యం చేర్చే పుణ్యం నీ కూతురికి దక్కే రోజది.

ఏ పనీ చిన్నది కాదని నీవు సభలలో చెప్పగా చప్పట్లు కొట్టినవాడిని నేను. ఈ ఉద్యోగం వచ్చిన నాటి నుంచి మాత్రం రోడ్లు బాగాలేవనీ, బ్రేకులు నమ్మలేమనీ, చివరకు అమ్మాయి చూపు మందమనీ అంటున్నావు. "మీ తమ్ముడి ఉపన్యాసం ఊరికే గానీ ఇంటికి కాదు బావగారూ!" అని మరదలు నవ్వింది.

నిన్ను నిందించను. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం కష్టం, లోపలి బెరుకును ఒప్పుకోవడం మరీ కష్టం. బ్రేకులను తిట్టడం తేలిక.

అయితే నిన్న డిపోకు వెళ్లి, ఆ బస్సు బాగుందా అని మెకానిక్‌ను అడిగావట. "పెళ్లికొడుకులా ఉంది, మీరే ఎక్కి చూడండి సార్!" అన్నాడట. వద్దనుకునేవాడు అంతదూరం వెళ్లి అడగడు. నీ మనసు సగం దారి వచ్చేసింది. మిగతా సగానికి టిక్కెట్టు కొనుక్కో. "భయంగానే ఉందమ్మా, అయినా నీ బండిలోనే వస్తాను" అని చెప్పు, చాలు. పక్క సీటులో నేనుంటాను.

అమ్మాయి చేతులు స్థిరంగా ఉండుగాక. ఆమె తరువాత ఈ పనికి వచ్చే ఆడపిల్లలకు తొలి దీవెన సొంత గుమ్మంలోనే లభించుగాక.

ఇట్లు,
నీ అన్న