బొట్టు పెట్టిన ఫ్లాపీలు

ఉప్పలగుప్తం,
ఫిబ్రవరి 2002

అమ్మకు,

రేవతి నమస్కారాలు. ఇక్కడ అమ్మమ్మ, తమ్ముడు, నేను కులాసా. కువైట్‌లో చలి ఇంకా తగ్గలేదన్నావు, స్వెట్టర్ లేకుండా బయటికి వెళ్లకు. నువ్వు పంపిన మందు రాస్తుంటే మోకాళ్లు నెమ్మదించాయని అమ్మమ్మ అంటుంది, మర్నాడు మళ్లీ మూలుగుతుంది. "నీకు ఉద్యోగం కుదురుకుంది కదా, ఇక ఈ ఇంటిపని చాలించి వేసవికి వచ్చేస్తానని మేడంకి చెప్పెయ్యనా" అని కూడా అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను, కోప్పడకు.

ముందు మా అమలాపురం కాలేజీ ఆఫీసు సంగతి చెప్పాలి. దసరాకి అక్కడ ఆయుధపూజ చేశాం. సూపరింటెండెంటు రామ్మూర్తిగారు మంచాయనే. కంప్యూటరుకి దండ వేసి, "ఫ్లాపీలక్కూడా బొట్టు పెట్టమ్మా, అవీ పనిముట్లే కదా" అన్నారు. కంప్యూటరు పాడైతే పిల్లల మార్కులకు ఆ ఫ్లాపీలే దిక్కు. నేను భక్తిగా అన్నిటికీ తడి గంధం, కుంకుమ పెట్టాను. ఒక్కదాన్నైనా వదల్లేదు, నా బుద్ధి మండ.

కార్తీకంలో కంప్యూటరు చెడిపోయింది. గంధం లోపలికి దిగి ఎండిపోయి ఒక్క ఫ్లాపీ కూడా తెరుచుకోలేదు. జవాబు పేపర్లు అప్పటికే పాత కాగితాల వాడికి అమ్మేశారు. పిల్లలందరూ పరీక్షలు మళ్లీ రాశారు. వాళ్ల నాన్నలు గేటు దగ్గర తిట్టిన తిట్లు నీకు రాయలేను.

ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. "రామ్మూర్తిగారు మార్చిలో రిటైరవుతున్నారమ్మా. తప్పంతా నీదేనని రాసిచ్చెయ్, నిన్ను కదిపేది లేదు" అన్నారు. పక్కనే ఉన్న రామ్మూర్తిగారు తలెత్తలేదు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. పెట్టింది నేను, పెట్టమన్నది ఆయన, రెండో సెట్టు ఫ్లాపీలు కొనమని నేనడిగితే కొననిది ఆఫీసు. ఇకమీదట ఒక సెట్టు లైబ్రరీ బీరువాలో ఉంచి, వారానికోసారి ఇద్దరు కలిసి తెరిచి చూడాలని కూడా రాశాను. ఇప్పుడు అలాగే చేస్తున్నారట. నా కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంది.

అవునమ్మా, ఉద్యోగం తీసేశారు. అమ్మమ్మకు కూడా చెప్పకుండా రోజూ క్యారేజీ కట్టుకుని అమలాపురం బస్సెక్కుతున్నాను. పని కోసం తిరిగి తిరిగి ఓపిక పోయింది.

మేడంకి ఇప్పుడే చెప్పకు. ఒక్క సంతకం పెట్టి ఊరుకుంటే వేసవికి నువ్వు మనింట్లో ఉండేదానివి. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది. ఎంతైనా తిట్టు, పడతాను. తప్పంతా నాదేనని మాత్రం నువ్వు కూడా రాయకమ్మా.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న కూతురు,
రేవతి