గ్రహణం పూట కోసిన దుంగ

అవనిగడ్డ,
14-5-1996.

అమ్మ పాదాలకు నమస్కరించి జయకృష్ణ రాసేది. ఇక్కడ నేనూ, ఇల్లూ, గేదెలూ బాగానే ఉన్నాం. బందరులో నువ్వూ, అక్కయ్యా, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. గుడివాడలో పుట్టింట్లో ఉన్న ఇందిరా, పాపా ఎలా ఉన్నారని నువ్వు అడగలేదు. అడక్కపోయినా రాస్తున్నాను, వాళ్లిద్దరూ కూడా క్షేమమే.

నువ్వు చెబుతుంటే అక్కయ్య రాసిన ఉత్తరం శనివారం అందింది. అక్షరాలు అక్కయ్యవే గాని చదువుతున్నంతసేపూ నీ గొంతే వినపడింది. చూడి గేదె ఈనిందా అని అడిగావు. ఈనింది, పెయ్యదూడ. జున్ను పాలు పక్కింటి పెద్దింట్లమ్మ పిన్నికి పంపించాను. కాలవలు కట్టేశారు, ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం పూట వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. అన్నం నేనే వండుకుంటున్నాను. పచ్చళ్ల జాడీల మూతలు సరిగా కట్టావా అన్నావు, కట్టాను. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదే అమ్మా.

ఇక రంపం సంగతి. బావగారు కూడా ఇంటి కట్టెలకి పెట్రోలు రంపం కొందామనుకుంటున్నారట, ఏది నమ్మకమైందో నన్ను అడగమన్నారట. దానికిందే "ఆ మిషనుతో చేతులు జాగ్రత్తరా నాయనా" అని రాయించావు. ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. నా చేతుల మీద నీకున్న బెంగ చూస్తే సిగ్గేసింది. ఎందుకో కింద రాస్తాను, ముందు బావగారికి జవాబు చెప్పనీ.

బ్లేడు పొడుగు చూసి మోజు పడొద్దని ఆయనతో చెప్పు. ఇంటి వంటకీ, స్నానాల నీళ్లకీ కోసుకునే కట్టెలకి మూరకి తక్కువ బ్లేడు చాలు. తాడు రెండుసార్లు లాగేసరికి స్టార్టవ్వాలి. పదిసార్లు లాగితే గాని అందుకోని మిషను షాపులో పెట్టుకుని చూసుకోవడానికే బాగుంటుంది. ముందు చేతికి అడ్డంగా ఒక రేకు ఉంటుంది. రంపం ఎగిరి మీదికొచ్చినప్పుడు మణికట్టు దానికి తగలగానే చైను టక్కున ఆగిపోవాలి. అది లేని మిషను ఊరికే ఇచ్చినా వద్దు. చైనుకి ఆయిలు దానంతటదే పడుతుందో లేదో, చైను తెగితే కొత్తది ఎక్కడ దొరుకుతుందో కొనకముందే అడగాలి. మన దానికి చల్లపల్లిలో మోపెడ్లు బాగుచేసే సీమోను ఉన్నాడు కాబట్టి సరిపోయింది. పెట్రోల్లో టూటీ ఆయిలు కలపడం మర్చిపోతే మాత్రం ఇంజను పట్టేస్తుంది, ఆయనకసలే మతిమరుపు.

అన్నిటికన్నా ముఖ్యం, షాపాయన మాట మీద కొనొద్దు. ఒక పూట ఇంటికి తెచ్చుకుని మన దుంగ మీద మనమే కోసి చూసుకోవాలి. నేను అలాగే చూశాను. ఎప్పుడు చూశానో నీకు తెలుసు, ఎలా చూశానో తెలియదు.

అక్కయ్యా, ఇక్కడికి వచ్చేసరికి నువ్వు కళ్లతో నాలుగు వరుసలు ముందుకెళ్లి, గొంతు సవరించుకుని, "అంతేనే అమ్మా, అంతా క్షేమమేనట" అని మడిచేస్తావు. నిన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. మడవొద్దు. బావగారు పక్కనుంటే ఉండనీ. ఇందిరని అమ్మ అన్న మాట వాళ్ల అమ్మానాన్నల ఎదురుగా, నర్సు ఎదురుగా అంది. నాది మాత్రం గుట్టుగా ఎందుకుండాలి? పైకి చదువు.

అమ్మా, దీపావళి మర్నాడు గ్రహణం రోజు సంగతి. రత్తయ్య నడుం పట్టేసి గొడ్డలి పక్కన పెట్టాక దొడ్లో మామిడి దుంగలు అలాగే పడి ఉన్నాయి కదా. గుడివాడలో స్ప్రేయర్లు అమ్మే షాపాయన పండక్కి పెద్దదొకటీ చిన్నదొకటీ రెండు రంపాలు ఇచ్చి, చూసుకుని ఒకటి వెనక్కి తెచ్చెయ్యమన్నాడు. ఆ మధ్యాహ్నమే తిరిగి ఇవ్వాలి. నువ్వు తెల్లవారకముందే వీధిలో ఆడవాళ్లతో హంసలదీవి స్నానానికి బయల్దేరావు. గుమ్మంలో నిలబడి ఇందిరకి చెప్పిందే చెప్పావు. "మూడో నెలమ్మా, తలుపు తియ్యకు, కత్తిపీట ముట్టుకోకు, కదలకుండా పడుకో." నాతో, "ఒరేయ్, దాన్ని కనిపెట్టుకుని ఉండు" అన్నావు.

నువ్వు ఊళ్లో ఉంటే ఆ పూట నన్ను రంపం ముట్టుకోనివ్వవు. లేవు కదా అని తీశాను. నాకు పెద్ద దాని మీదే మనసు. రెండు దిమ్మల మీద దుంగ పెట్టి కోశాను. సగం దిగేసరికి దుంగ నడుం వంగి కోత మూసుకుపోయింది, బ్లేడు లోపల ఇరుక్కుంది, ఇంజను ఆగిపోయింది. లాగినా రాదు, ఊపినా రాదు. దిమ్మ అవతలికి పొడుచుకొచ్చిన కొస మీద ఎవరైనా నిలబడితే నడుం పైకి లేచి కోత తెరుచుకుంటుంది. గ్రహణం పూట వీధిలో మనిషనేవాడు లేడు. తలుపు దగ్గరికెళ్లి ఇందిరని పిలిచాను.

"అత్తయ్యగారు వద్దన్నారు కదండీ" అంది.

"డిగ్రీ చదివావు, నువ్వు కూడా ఏంటే? ఒక్క నిమిషం వచ్చి నిలబడు."

"ఆవిడకి తెలిస్తే బాధపడతారండీ."

"ఎలా తెలుస్తుంది? నేను చెప్తానా?"

ఇంకోసారి గట్టిగా పిలిచాను. విసుక్కున్నాను కూడా. తలుపు తీసి, పమిట నెత్తి మీదుగా లాగి, మిగిలింది పొట్టకి అడ్డం పెట్టుకుని వచ్చింది. నా భుజం పట్టుకుని ఆ కొస మీద ఎక్కి నిలబడింది. బ్లేడు ఊడొచ్చింది. దిగి లోపలికి పరిగెత్తింది. అంతే అమ్మా, ఆమె గ్రహణం చూడలేదు, తలెత్తనైనా ఎత్తలేదు. పెద్దది పనికిరాదని, చిన్నదే నమ్మకమైందని నేను తేల్చుకున్నది అలాగ.

పెద్దింట్లమ్మ పిన్ని కిటికీ రెక్క సందులోంచి చూసింది. నువ్వు తడి జుట్టుతో బస్సు దిగీ దిగగానే చెప్పేసింది. నువ్వు లోపలికొచ్చి, "వాడంటే మగాడు, రంపం కోసుకున్నాడు సరే, నువ్వెందుకు బయటికొచ్చావే?" అని అడిగావు. ఇందిర నా వంక చూసింది. నేను చెబుతానని చూసింది. నేనేమో, "గ్రహణం చూద్దామని సరదాపడిందిలే అమ్మా, వదిలెయ్" అన్నాను. నవ్వుతూ అన్నాను. ముప్పై దాటినవాణ్ణి, నీ కేకలకి జడిసి నా పెళ్లాన్ని ముందుకి తోశాను. "నా మీద వేసేశారేం?" అని ఇందిర లోపల అడిగితే, "రెండ్రోజుల్లో అమ్మే మర్చిపోతుందిలే" అన్నాను. ఆ పూట తనకి కూడా అది పెద్ద సంగతిగా తోచలేదు.

తర్వాతది నీకు తెలిసిందే. పాప గ్రహణమొర్రితో పుట్టింది. నువ్వు పక్క దగ్గరికొచ్చి గుడ్డ తొలగించి చూసి, "గ్రహణం చూడాలని సరదాపడ్డావుగా, ఇదిగో చూసుకో" అన్నావు. పచ్చి బాలింతరాలు, గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఆ గదిలోనే ఉన్నాను. మందుల చీటీ చదువుతున్నట్టు నటించాను. నువ్వు బందరు బస్సెక్కేదాకా దాన్నే చదువుతూ కూర్చున్నాను.

దీనికీ గ్రహణానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. మూడు నెలలు పోయి కాస్త ఒళ్లు చేశాక పెదవి కుట్టేస్తారట, సన్నగా గీత మిగిలితే మిగులుతుందట. ఆయన మాట నువ్వు నమ్మితే ఎవరి తప్పూ లేదు. నమ్మకపోతే మాత్రం ఆ పాపం నాది, మూటగట్టి నా నెత్తినే పెట్టు. నువ్వు ఏది నమ్మినా ఇందిర మీద వెయ్యడానికి ఏమీ లేదే అమ్మా.

మొన్న ఆదివారం గుడివాడ వెళ్లాను. పాప రొమ్ము పట్టుకోలేదు, పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పోస్తోంది ఇందిర. గంటసేపు పడుతుంది, సగం ముక్కులోంచి వచ్చేస్తుంది, తుడిచి మళ్లీ పోస్తుంది. నిద్రలో పాప నవ్వుతుందమ్మా. ఎత్తుకుందామని చేతులు చాపాను. ఇందిర పాపని తన వైపుకి లాక్కుంది.

"అత్తయ్యగారితో చెప్పారా?"

"చెప్తాను."

"ఏడు నెలలుగా చెప్తూనే ఉన్నారు. చెప్పేదాకా దీన్ని మీ చేతికివ్వను."

"రేపే ఉత్తరం రాస్తాను, నా మాట నమ్ము."

"మీ మాటతో నాకు పనిలేదండీ. చెప్పానని మీరొచ్చి నాతో అనొద్దు. ఆవిడకి తెలిసిందని ఆవిడ నోటి నుంచే నాకు తెలియాలి."

వాళ్ల నాన్నగారు అరుగు మీద కూర్చుని అంతా వింటున్నారు, తల తిప్పలేదు. చేతులు వెనక్కి తీసుకుని వచ్చేశాను. నాకు కోపం రాలేదమ్మా. రావడానికి మొహం కూడా లేదు.

బారసాల వచ్చే శనివారం. నువ్వు రానని రాయించావు. ఎందుకు రానన్నావో ఆ కారణం అబద్ధం, అది చెప్పినవాణ్ణి నేను. నన్ను చెప్పుతో కొట్టడానికైనా సరే గుడివాడ రా. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. సరాసరి లోపలికెళ్లి, ఇందిర దగ్గర కూర్చుని, వాడు చెప్పాడమ్మా అని ఒక్క మాట అను. పుట్టినప్పట్నుంచీ నా కూతుర్ని నేను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. దాన్ని నా చేతుల్లో పెట్టించాల్సింది ఇప్పుడు నువ్వే.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పి భార్యను తిట్టించిన నీ కొడుకు,
జయకృష్ణ.