వచ్చాను, వచ్చిన

1996 జనవరి 8, సోమవారం

మా ఫ్యాక్టరీ పక్కన మూతబడ్డ షెడ్డులో లండన్ వాళ్లు టీవీ సినిమా తీస్తున్నారు. నన్ను వాళ్లకి నాలుగు రోజులు అరువిచ్చారు. పటాన్‌చెరులో ఇంగ్లీషు మాట్లాడే టెలిఫోన్ ఆపరేటర్ సుమిత్ర ఒక్కతే కాబోలు!

పని, మిస్టర్ పెన్నర్ అనే యాక్టర్‌కి తెలుగు డైలాగు నేర్పడం. కెనడా మనిషి. ఇరవై ఐదేళ్లప్పుడు ఓడెక్కి లండన్ వచ్చి అక్కడే ఉండిపోయాడట. ముప్ఫై ఐదేళ్లలో పదకొండు సార్లు అమెరికా కల్నల్ వేషం. ఒక్కసారి కెనడా రైతు వేషం వస్తే, నీ మాట కెనడా మాటలా లేదని వేరేవాడికిచ్చారట. నవ్వుతూనే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

జనవరి 9

ఈ సినిమాలో పెన్నర్‌ది ఇంజనీరు వేషం. ఒకప్పుడు తనకి అన్నం పెట్టిన అవ్వ దగ్గరికి ఇరవై ఏళ్ల తర్వాత వస్తాడు. డైలాగు రాసింది భాష చూసే త్రినాథరావు గారు, విజయవాడ. "అమ్మా, నేను మళ్లీ వచ్చాను. కాస్త మంచినీళ్లు ఇవ్వండి."

అవ్వ వేషం మా క్యాంటీన్ రాజవ్వది. పెన్నర్ ఆ మాట అనగానే ఆమె లేచి నిలబడి కొంగు సర్దుకుంది. ఆరు టేకులు, ఆరుసార్లూ అంతే. కూర్చునే పలకరించాలని డైరెక్టరమ్మ పరేషాన్. ఎందుకవ్వా అంటే, గట్ల మాట్లాడెటోళ్లొస్తే లేసి నిలవడాలె గద అంది.

జనవరి 10, పొద్దున 11

పాఠం నా స్విచ్‌బోర్డు దగ్గరే. మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. పెట్టేశాక పెన్నర్, ఇందాక ఆఫీసు కాల్ మాట్లాడిందీ ఇప్పుడు మాట్లాడిందీ ఒక్క మనిషేనా అని అడిగాడు. ఎంత చెవి!

అది ఫోన్ మాట, ఇది ఇంటి మాట అన్నాను. చేరిన రోజే మేనేజర్, ఉన్నడు కాదు, ఉన్నారండి అనాలన్నాడు. ఆరేళ్లయింది. ఎవరూ చదవని ఈ డైరీ కూడా ఫోన్ మాటలోనే రాస్తున్నాను.

మరి రాజవ్వది ఏ మాట అన్నాడు. ఇంటి మాటే అన్నాను. అయితే నాకదే నేర్పు అన్నాడు.

"అవ్వా, మల్ల వచ్చిన. జెర నీళ్లియ్యి."

సాయంత్రం

త్రినాథరావు గారు ఒప్పుకోలేదు. 'వచ్చిన' అంటే వాక్యం పూర్తి కాలేదట. వచ్చిన మనిషా, వచ్చిన బస్సా అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూ. అదే గుచ్చుకుంది.

రేపు నా మాటతో ఒకే ఒక్క టేకు అంది డైరెక్టరమ్మ. కుదరకపోతే ఆయనదే ఖాయం. మా అమ్మ మాట తప్పని లండన్ దాకా తేలిపోతుంది.

జనవరి 11, పొద్దున

టిఫిన్ ముట్టలేదు.

మధ్యాహ్నం

హమ్మయ్య!

రాజవ్వ లేవలేదు. చేట పక్కన పెట్టి, అచ్చినవా బిడ్డా, గిన్నొద్దులు యాడికి వోయినవ్, కూసో అంది. అది స్క్రిప్టులో లేదు. నీళ్లకి లోపలికి వెళ్లింది. లోపల ఏముంది, సెట్టు అట్టగోడ! ఆ వెనక నుంచి క్యాంటీన్ దాకా నడిచి వెళ్లి తన గ్లాసుతో తెచ్చింది. కెమెరా ఆపలేదు. పెన్నర్ కదలకుండా కూర్చుని, నీళ్లు తాగి, కళ్లు తుడుచుకున్నాడు. అదీ స్క్రిప్టులో లేదు.

డైరెక్టరమ్మ త్రినాథరావు గారి వైపు తిరిగి, ఇప్పుడేమంటారని అడిగింది. ఆయన, వాక్యం పూర్తయిందండీ అన్నారు. పెద్దమనిషి. నా కోపమంతా దిగిపోయింది.

జనవరి 12

పెన్నర్ వెళ్లిపోయాడు. పోయేముందు వాళ్ల ఊరి మాటలో ఒక ముక్క చెప్పాడు, వాళ్లమ్మ భోజనానికి పిలిచే మాట. ముప్ఫై ఐదేళ్లుగా అలా పలకలేదట. నాకు మామూలు ఇంగ్లీషులాగే వినిపించింది. ఆయన మాత్రం తేలికపడ్డాడు.

జనవరి 13

డ్యూటీకి పోయిన. మేనేజర్ గారున్నారా అని ఎవరో ఫోన్ల అడిగిన్రు. ఉన్నడు, జెర ఆగున్రి అన్న. ఆగిన్రు.

ఇంటికొచ్చిన. తిన్న.