స్వరూపను పిలవమన్నారు

జూలై 7, సోమవారం

మోకాలికి కసరత్తు చేయించే అమ్మాయి ఈ రోజు నన్ను "బేబీ" అంది. "బేబీ, కాలు లేపు." ఎవరి పసిబిడ్డ వచ్చిందోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేనే! డెబ్బైకి దగ్గరపడ్డ బేబీని.

"నా పేరు సత్తెమ్మ. చీటీ మీద రాసే ఉన్నది" అన్నాను.

"ఓకే బేబీ" అంది.

ఇంటికొచ్చి చెబితే మా స్వరూప పడీ పడీ నవ్వుతుందనుకున్నాను. కూతురు నవ్వలేదు. "పోనీయమ్మా" అని లోపలికి పోయింది.

జూలై 8, మంగళవారం

స్వరూపకు ఈ రోజు ఇంటి నుంచే పని. ఇయర్‌ఫోన్ చార్జింగ్ అయిపోయి స్పీకర్ పెట్టింది. నేను పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఎవరిదో మగ గొంతు — "బుజ్జీ, నువ్వు నంబర్స్ చెప్పెయ్ చాలమ్మా, మిగతాది నేను చూసుకుంటా."

కాయ చేతిలోనే ఉండిపోయింది. దానికి నలభై నిండబోతున్నాయి. దాని మాట విని పనిచేసేవాళ్లు ఒక గది నిండా ఉన్నారు.

"ఎవడే వాడు?"

"మా మేనేజరమ్మా. కిరణ్ గారు."

"బుజ్జి ఎవరు?"

"నేనే. అందర్నీ గట్లనే అంటడు, ప్రేమతోటి."

"మొగోళ్లను గూడనా? నీ తోటి పనిచేసే ప్రసాద్‌ను ఏమంటడు?"

తెర వైపు తిరిగింది. "ప్రసాద్ గారు అంటడు."

ఈనెలు తీయకుండానే కూర అయిపోయింది.

జూలై 9, బుధవారం

బుజ్జి... కన్నదాన్ని, నేనే ఎప్పుడూ అలా పిలవలేదు.

జూలై 10, గురువారం

చందానగర్‌లో బ్లౌజులు కుట్టే కొట్టు నడిపిన రోజుల్లో, లైనింగ్ గుడ్డ తెచ్చే సేటు ఒకడుండేవాడు. కొట్టులో కనబడ్డ ప్రతి ఆడమనిషినీ "జాన్" అనేవాడు, నా ప్రాణమా అన్నట్టు. ఒకసారి కానిస్టేబులమ్మ మామూలు చీరలో కొలతలివ్వడానికి వచ్చింది. "క్యా జాన్" అన్నాడు. ఆమె కొలతలిచ్చి వెళ్లిపోయింది. బ్లౌజు తీసుకోవడానికి యూనిఫాంలో వచ్చింది. సేటు లేచి నిలబడి "నమస్తే మేడం" అన్నాడు. మనిషి అదే, కొలతలూ అవే. తెలియక అనేవాడు కాదన్నమాట. ఎవరిని ఏమనవచ్చో వాడి నోటికి బాగా తెలుసు.

ఎక్కడికో పోయాను. అసలు సంగతి — జర్మనీ వాళ్ల ప్రాజెక్టుకు పెద్దగా ఎవరుండాలో రేపు తేలుతుందట. ఇన్నేళ్లూ వాళ్లకు పోయిన రిపోర్టులన్నీ స్వరూప రాసినవే, కింద పేరు కూడా దానిదే. దీపం పెట్టాను.

జూలై 11, శుక్రవారం

ఎట్లా రాయాలో తెలియడం లేదు...

ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూలబడింది. పోయిందా అన్నాను. "వచ్చిందో పోయిందో నాకే సమజ్ గాలేదమ్మా."

మీటింగ్ గదిలో అందరూ ఒకే తెర ముందు కూర్చుంటారట. అవతలివాళ్లకు గది పేరు కనబడుతుంది, మనుషుల పేర్లు కనబడవు; కిరణ్ బుజ్జీ అని పిలవడమే వింటారు. జర్మనీ పెద్దావిడ అడిగిందట — మాకు స్వరూప కావాలి, ఆ రిపోర్టులు రాసే ఆవిడ. ఒక్క మీటింగుకూ ఎందుకు రారు? ఆమెను పిలవండి. బుజ్జి ఆమెకు సాయంగా ఉండవచ్చు, చురుకైన పిల్ల.

"నువ్వు ఆడనే ఉన్నవా?"

"ఆమె ముంగటనే ఉన్న."

"మరి కిరణ్ చెప్పలేదా, ఈమెనే స్వరూప అని?"

"నవ్విండు. స్వరూప బిజీగ ఉన్నది, సోమవారం కలుపుత అన్నడు."

మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, బిజీగా ఉందని చెప్పడం! ఎన్నో విన్నాను, ఇది వినలేదు.

"నువ్వేమన్నవే?"

"ఏమంట? ఆయన ఇజ్జత్ పోతది. నా రేటింగ్ ఆయన చేతులనే ఉన్నది."

జూలై 12, శనివారం

కిరణ్ ఫోన్. స్వరూప కావాలనే స్పీకర్ పెట్టింది, నా వైపు చూస్తూ.

"బుజ్జీ, మండే నువ్వు ఇంటి నుంచే జాయినవ్వు. కెమెరా ఆఫ్, పేరు కూడా బుజ్జి అని మార్చేసుకో. స్వరూపకి ఒంట్లో బాలేదని చెప్పేసి ప్రసాద్ గారిని ప్రపోజ్ చేస్తా. ఇప్పుడిదంతా వాళ్లకి ఎక్స్‌ప్లెయిన్ చేస్తే కామెడీ అయిపోద్ది. నెక్స్ట్ ఇయర్ నీదేరా, ప్రామిస్."

రా కూడానా...

నేను నోరు తెరవబోయాను. స్వరూప చెయ్యి ఎత్తి ఆపింది. "సరేనండి" అని పెట్టేసింది. ఆ "సరే" ఎవరికి చెప్పిందో అడగలేదు.

జూలై 13, ఆదివారం

బీరువా అంతా కింద పోసి సర్దింది. మళ్లీ పోసింది, మళ్లీ సర్దింది. అన్నం సగం వదిలేసింది.

జూలై 14, సోమవారం

మీటింగ్ మొదలైంది. స్వరూప ల్యాప్‌టాప్‌తో పడగ్గదిలో ఉంది, తలుపు ఓరగా వేసి. ఫోను బయట టేబుల్ మీదే వదిలి వెళ్లింది. దాని పక్కనే కూర్చుని రాస్తున్నాను, చేతులకు ఏదో ఒక పని ఉండాలని.

కిరణ్ గొంతు. "బుజ్జీ, ఆర్ యూ దేర్?"

పలకదు.

"బుజ్జీ?... బుజ్జీ, కెన్ యూ హియర్ మీ?"

లోపల కుర్చీ కిర్రుమంటుంది. పలకదు.

పెద్దావిడ ఏదో అడుగుతోంది. నా ఇంగ్లీషు దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నది, అంత దూరం పోదు. "స్వరూప" ఒక్కటే అందింది. కిరణ్ గొంతు సవరించుకుంటున్నాడు — "అన్‌ఫార్చునేట్లీ, స్వరూప ఈజ్—"

"ఐ యామ్ స్వరూప."

మా పిల్లే! అంత మెల్లగా అంది, నేను రాయడం ఆపి చెవి పెట్టాల్సి వచ్చింది. "బుజ్జి ఈజ్ నాట్ మై నేమ్."

అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

పెద్దావిడ నిదానంగా ఏదో అడుగుతోంది. స్వరూప "యెస్" అంది. మళ్లీ ఏదో ప్రశ్న, అందులో రిపోర్ట్స్ అన్న మాట అందింది. మళ్లీ "యెస్".

టేబుల్ మీద ఫోను మోగుతోంది. తెర మీద కిరణ్ పేరు. ఆగింది. మళ్లీ మోగుతోంది, కొట్టుకుంటూ అంచు దాకా జరుగుతోంది. కింద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాను. ఎత్తలేదు.

లోపల స్వరూప ఇంకా మాట్లాడుతూనే ఉంది...