బత్తాయి కాదు, కమలా

ప్రియమైన నాన్నకి,

నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పండ్ల బండి నెట్టడానికి మనిషిని పెట్టుకోమంటే వినవు కదా. ఫోన్‌లో అయితే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

నీ అల్లుడు డ్రాయింగ్ మాస్టారే కాదు, కంప్యూటర్లో ఒక బొమ్మల భాండాగారానికి కూడా పెద్ద. దాన్ని జీతాలు లేకుండా జనమే ఒక సంఘంగా ఏర్పడి నడుపుకుంటారు. ఎవరెవరో గీసిన బొమ్మలు వేలకొద్దీ ఉంటాయి. ఒక్కోదాంట్లో ఏముందో కింద చీటీ అంటించినట్టు రాయాలి, వెతికినవాళ్ళకి దొరికేలా. పండ్ల చీటీలన్నీ గందరగోళంగా ఉంటే, సరిచేసే పని ఆయనకు అప్పగించారు. ఆయనేమో నన్ను కూర్చోబెట్టారు. రంగుల్లేని పెన్సిల్ బొమ్మలో గుండ్రంగా ఉన్నదల్లా చీటీలు రాసినవాళ్ళకు బత్తాయే. తొక్క వదులుగా, తొడిమ దగ్గర ముడుచుకుని ఉంటే కమలా అని నువ్వు నా చేతిలో పెట్టి చూపించావు, గుర్తుందా? ఏడు నెలల్లో రెండు వేల బొమ్మలు సరిచేశాను నాన్నా. అన్నిటి పక్కనా ఆయన పేరే.

నిన్న ఆ సంఘంవాళ్ళు ఇంటికి వచ్చారు. "ఏం కళ్ళండీ మాస్టారూ మీవి!" అని ఒకటే పొగడ్తలు. నేను మంచినీళ్ళు ఇస్తుంటే ఒకావిడ, "మీ ఆవిడకీ కాస్త నేర్పించకూడదూ?" అంది.

ఆయన నవ్వారు. "దానికా? ఐదో తరగతి. పండు కనిపిస్తే తినడం వరకే వచ్చు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను నాన్నా. అదే మింగుడు పడటం లేదు.

బడి మాన్పించి బండి దగ్గర కూర్చోబెట్టావని నీ మీద ఎన్నేళ్ళు కోపం పెట్టుకున్నానో నీకు తెలియదు. ఆ కోపం ఇప్పుడు చోటు మారింది. ఇవాళ ఆయన బడికి వెళ్ళాక 'తక్కెడ' అనే పేరుతో నాకంటూ ఒక ఖాతా తెరిచాను. సొంత పేరు పెట్టుకునే ధైర్యం చాల్లేదు.

నీ
గింజ

నాన్నా,

నీ ఉత్తరం అందింది. "తప్పు నాదేనమ్మా" అని ఎందుకు రాశావు? ఆ రోజుల్లో నీకు మాత్రం వేరే దారి ఏముంది?

తక్కెడ పేరుతో నేను మొదట సరిచేసింది, నాకు జ్వరమొచ్చిన వారం ఆయన సొంతంగా చీటీలు రాసిన బొమ్మలు. సాయంత్రానికల్లా వాటిని మళ్ళీ బత్తాయిలు చేసేసి, "తెలియకపోతే చెయ్యి పెట్టకండి" అని రాశారు. తక్కెడ నేనేనని ఆయనకు తెలియదు, కాబట్టి ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

కానీ తొక్క సంగతి, తొడిమ సంగతి నేను వివరంగా రాసి ఉంచాను. కాదనడానికి కారణమేమిటని సంఘంవాళ్ళు ఆయన్ని నిలదీశారు. దాంతో ఆయన కంప్యూటరు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఎవడో తక్కెడట, దూరాడు. చూసి చెప్పు, ఇది బత్తాయేగా?"

"కమలా అండీ."

"సరిగ్గా చూడవే!"

"చూశాను. వాళ్ళు రాసిందే నిజం. ఇకమీద పండ్ల సంగతి వాళ్ళనే అడగండి. నాకు తినడం వరకే వచ్చు."

తలెత్తి నన్ను చూశారు. అర్థమైపోయిందనుకున్నాను. అర్థం కాలేదు.

అప్పటికప్పుడు కూర్చుని తక్కెడకు ఉత్తరం రాశారు. "గౌరవనీయులైన తక్కెడ గారికి, మీ చూపు అమోఘం. నా తొందరపాటును మన్నించండి. మీవంటివారు పక్కనుంటే నాకు కొండంత అండ."

పెళ్ళయి నాలుగేళ్ళు. ఆయన నాకు రాసిన మొదటి ఉత్తరం అదే నాన్నా. ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పడానికి సిగ్గేస్తోంది.

జవాబు వచ్చిందేమోనని రోజుకు పదిసార్లు చూసుకుంటున్నారు. "ఏం మనిషో, ఇంత పొగరా" అని విసుక్కుంటున్నారు. పక్క గదిలోంచి వింటూనే ఉన్నాను.

జవాబు ఇవ్వను.

నీ
గింజ