గడియారాల తాతయ్య తాళంచెవి

జూన్ 8, ఆదివారం

మూడు గడియల వెనక భద్రంగా ఉన్న అత్తకు, ఒక్క గడియ కూడా సరిగ్గా పడని గదిలోంచి నీ మేనకోడలు నమస్కరించి రాయునది.

ఇవాళ పొద్దున మొదటి వింత ఇది: ఒక పెద్దాయన తన ఇంటి తాళంచెవి నా అరచేతిలో పెట్టి, "నీ దగ్గరుంచమ్మా" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

మొదట్నుంచీ చెప్తాను. చదువుకని ఈ ఊరొచ్చాక నాతో మాట్లాడే మనిషే లేడనీ, నిఘంటువుతోనే కాలక్షేపమనీ పోయిన నెల నీకు ఉత్తరంలో ఏడ్చాను కదా. "నలుగురున్న చోటికి పోయి కూర్చోవే" అన్నావు. పోయాను. మా వీధి చివర గడియారాలు మరమ్మతు చేసే కొట్టుంది. దానిమీద ఒక హాలు. ఆదివారం పొద్దున అక్కడ కూటం జరుగుతుంది. కొందరు కళ్లు మూసుకుని ప్రార్థిస్తారు, కొందరు కళ్లు తెరుచుకుని కిటికీలోంచి చూస్తూ ప్రార్థిస్తారు, కొందరు ఊరికే కూర్చుంటారు. దేవుడున్నాడనే డ్రైవింగు మాస్టారూ, ఉన్నాడో లేడో తనకు తెలీదనే బేకరీ అక్కా ఒకే పాటల పుస్తకాన్ని చెరో అంచూ పట్టుకుని పాడతారు. ఏ దేవుణ్ణి నమ్ముతావని నన్నెవరూ అడగలేదు. టీలో చక్కెర ఎంత వెయ్యాలని అడిగారు.

ఏం నమ్మాలో చెప్పరు గాని, అక్కడ చేరాలంటే ఒక కట్టుబాటుంది. ఇంకొకరి ఇంటి తాళంచెవి నువ్వుంచుకోవాలి. నీది ఇంకొకరికివ్వాలి. నాది బేకరీ అక్కకివ్వాలట. "కబురు లేకుండా ఆదివారం రాకపోయావనుకో, మేమే వస్తాం" అందామె నవ్వుతూ. "తొందరేం లేదు, ఇష్టమైతేనే" అని కూడా అంది. కింద కొట్టు నడిపే గడియారాల తాతయ్య మాత్రం నా జవాబు కోసం ఆగలేదు. "ముందు మేం నిన్ను నమ్మాలి కదమ్మా" అని తనది ఇచ్చేశాడు.

నాకు వాళ్లలో చేరాలని ఉంది అత్తా. చాలా ఉంది. కానీ తాళంచెవి ఇవ్వాలంటే జంకు. భయం కాదు. భయపడాలంటే ఎదురుగా ఏదో ఒకటుండాలి; జంకుకు ఏమీ అక్కర్లేదు. ఈ తేడా ఇవాళే కనిపెట్టాను. ఇవ్వనా, వద్దా? నువ్వెలా చెప్తే అలా.

ఇట్లు, గుప్పిట్లో పరాయి తాళంచెవితో,
నీ పిచ్చుక

తా.క. తాతయ్య తాళంచెవిని పంచదార డబ్బాలో దాస్తున్నాను. కాపలాకి చీమలున్నాయి.

జూన్ 11, బుధవారం

రైల్వే టికెట్ల కౌంటరు అద్దం వెనక నుంచి లోకాన్ని చూడాల్సినంత చూసిన అత్త, పిచ్చుకను ఒక చేత్తో దీవించి రెండో చేత్తో మొట్టి రాయునది.

నలుగురున్న చోటికి పొమ్మన్నానే గాని, నలుగురి తాళాలు చేతులు మారే చోటికి పొమ్మన్నానా? ఎక్కడికని అడక్కుండా టికెట్టు చేతిలో పెట్టేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. ఏ దేవుడని అడగని ప్రార్థన కూడా అంతే. బండి ఎక్కాక తెలుస్తుంది ఎక్కడ దింపుతారో.

నీకు లోకజ్ఞానం నిఘంటువులో దొరకదు కాబట్టి విడమర్చి చెప్తున్నాను. ఊరికే వచ్చిన తాళంచెవి ఎర. రేపు ఆ గడియారాల మనిషి ఇంట్లో ఏదో పోయిందంటాడు. తాళంచెవి ఎవరి దగ్గరుంది? పిచ్చుక దగ్గర. అంతే, రెక్కలు విరిచి కూర్చోబెడతారు. "రాకపోతే మేమే వస్తాం" అందా? నవ్వుతూ అందా? నవ్వకుండా అంటే ఇంతగా భయపడేదాన్ని కాదు.

నన్ను చూసి నేర్చుకో. నా తలుపుకి మూడు గడియలు. మూడోది తలుపు నెత్తిన పెట్టించాను. స్టూలెక్కితే గాని నాకే అందదు. నాకే అందనిది దొంగకేం అందుతుంది? మొన్న ఎదురింటామె అగ్గిపెట్టె అడిగితే తలుపు కిందనుంచి తోశాను. ఆమెకు అగ్గిపెట్టె అందింది, నాకు నిద్ర పట్టింది. ఇరుగుపొరుగంటే అంతవరకే.

ఈ ఆదివారం అక్కడికి వెళ్లకు. కబురూ పంపకు. వాళ్ల రంగు ఏంటో బయటపడుతుంది.

ఇట్లు, నీ మేలు కోరి నిద్ర మానుకున్న
అత్త

తా.క. ఫోన్ చెయ్యకు. మధ్యలో ఎవరు వింటారో తెలీదు. ఉత్తరమే మేలు. కవరు అంటించినచోట గోటితో గీత పెట్టాను. గీత చెరిగి ఉంటే ఎవరో చదివారన్నమాట. అప్పుడు నువ్వు ఈ ఉత్తరం చదవకు.

జూన్ 16, సోమవారం

గీత చెరిగే ఉన్నా ఉత్తరం చదివేసినందుకు నన్ను మన్నించబోయే అత్తకు, మంచం కింద దుమ్ము ఇంకా జుట్టుకుండగానే నీ మేనకోడలు రాయునది.

వాళ్లు వచ్చారు!

నిన్న కూటానికి వెళ్లలేదు. సాయంత్రం తలుపు చప్పుడైంది. నేను మంచం కిందకి దూరాను. నిఘంటువుని గుండెకి అదుముకున్నాను. ఎందుకో తెలీదు, అది బరువుగా ఉంటుంది కాబట్టి అనుకుంటాను. బయట మాటలు వినబడ్డాయి.

"లేదేమో అక్కా, పోదాం" అన్నాడు డ్రైవింగు మాస్టారు.

"చెప్పులిక్కడే ఉన్నాయిగా? జ్వరమేమో పిల్లకి."

"తలుపు తోసి చూడమంటావా?"

"అదేం పని మాస్టారూ? ఇవ్వని తాళం తీయకూడదు. తనంతట తను ఇచ్చినప్పుడే."

విన్నావా అత్తా? ఇవ్వని తాళం తీయకూడదట. అంటే ఇచ్చినవి తీస్తారన్నమాటే కదా! నా చెప్పులు కూడా లెక్కచూశారు. వాళ్లు మెట్లు దిగాక తలుపు తీస్తే గుమ్మం దగ్గర కాగితంలో చుట్టిన బ్రెడ్డుంది. నువ్వు అడుగుతావని తెలుసు. తినలేదు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఇవాళ కాలేజీ నుంచి వస్తుంటే బేకరీ మూసి ఉంది. వెనక సందులో అక్క ఇల్లు. గడియారాల తాతయ్య జేబులోంచి తాళంచెవి తీసి, దర్జాగా ఆ తలుపు తెరిచి లోపలికెళ్లాడు. నేను కరెంటు స్తంభం వెనక నక్కాను. కాసేపటికి ఒక చేత్తో నిండు సంచీ, ఇంకో చేత్తో బల్లమీద పెట్టుకునే ఫ్యానుతో బయటికొచ్చాడు. మాస్టారు తన డ్రైవింగు స్కూలు కారులో అవి సర్దాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. ఫ్యాను కూడా అత్తా! ఈ ఎండల్లో!

తాళంచెవి నమ్మి ఇచ్చినవాళ్ల ఇల్లు ఇలా ఖాళీ అవుతుందన్నమాట. పాపం ఆ అక్కకి ఎవరు చెప్తారు? నేను చెప్పాలా? చెప్తే నన్నేం చేస్తారు? తాతయ్య మొహం చూస్తే మాత్రం దొంగలా లేడు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఇట్లు, కిటికీ మూసి ఉడికిపోతున్న
నీ పిచ్చుక

తా.క. జంకు దాటాను, గుబులు కూడా దాటాను. ఇప్పుడు దడ. గుబులు కడుపులో ఉంటుంది, దడ గుండెలో. మధ్యలో ఎక్కడ మారిందో గమనించలేకపోయాను.

మళ్లీ తా.క. బ్రెడ్డు తిన్నాను. చాలా బాగుంది. ఇంకా బతికే ఉన్నాను.

జూన్ 19, గురువారం

బ్రెడ్డు తిన్న దానికి, నీళ్లు బాగా తాగమని చెప్తూ అత్త రాయునది.

ఫ్యాను దగ్గర నా ఓపిక అయిపోయింది. ఆదివారం మొదటి బండికి వస్తున్నాను. నువ్వు ఆ హాలు మెట్ల దగ్గర నిలబడు. పైకి నేను ముందు నడుస్తాను, నువ్వు నా వెనకుండు. ఆ తాళంచెవి వాళ్లందరి ముందూ బల్లమీద పడేసి, నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తాను.

ఆ గడియారాల మనిషికి కూడా వేరే ఉత్తరం రాసి పడేశాను. ఇలా రాశాను: "అయ్యా, మీ కూటం సంగతి నాకు తెలుసు. మీ ఫ్యాను సంగతీ తెలుసు. ఆదివారం నేనే వస్తున్నాను. ధైర్యముంటే నాకో కుర్చీ వేసి ఉంచండి. నా పిచ్చుక మీద ఈగ వాలినా మీ కొట్లో గడియారాలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి." కింద నా పేరూ చిరునామా పూర్తిగా రాశాను. నేనేం ఆకాశరామన్నని కాను.

వస్తానన్నానంటే వస్తాను. సర్వీసంతా నా కౌంటరు ఒక్కరోజూ ఆలస్యంగా తెరుచుకోలేదు.

ఇట్లు, కొంగు బిగించిన
అత్త

తా.క. కౌంటరు అద్దం లేకుండా అంతమంది ముందు నిలబడి ఎన్నాళ్లయిందో. నాకూ భయంగానే ఉంది. పైన రాయలేక ఇక్కడ రాశాను.

జూన్ 22, ఆదివారం

అత్తా, క్షేమమా? ఇది మాటవరసకి అడగడం కాదు. నిజంగా అడుగుతున్నాను.

నువ్వెందుకు రాలేదు? మొదటి బండి చూశాను, రెండోది చూశాను. హాలు మెట్ల దగ్గర నిలబడి నిలబడి కాళ్లు కొయ్యబారాయి. పైన నీకోసం ముందు వరసలో కుర్చీ వేసి ఉంచారు. ఎవరూ దాంట్లో కూర్చోలేదు. బేకరీ అక్క రాలేదు. ఎలా వస్తుంది, ఫ్యాను లేని ఇంట్లో వడదెబ్బ తగిలి ఉంటుంది.

తాతయ్య నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాడు! నాకు భూమి చీలితే బాగుండనిపించింది. "గడియారాలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి" అన్న చోట డ్రైవింగు మాస్టారు పగలబడి నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. ఉత్తరం మడిచి నన్ను దగ్గరికి పిలిచాడు.

"మీ అత్త మాట తప్పే మనిషేనా అమ్మా?"

"ప్రాణం పోయినా తప్పదు" అన్నాను రోషంగా.

"ఒక్కతే ఉంటుందా?"

"మూడు గడియలేసుకుని ఉంటుంది" అన్నాను. అదే నేను చేసిన తప్పు.

ఆయన మొహం మారిపోయింది. చరచరా కిందికి దిగి, కొట్లోంచి పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు. స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, ఇంత పొడుగు తీగ. "మాస్టారూ, కారు తియ్యి. వస్తానన్న మనిషి రాలేదు. మనమే వెళ్లాలి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు కారు సందు తిరిగిపోయింది.

అత్తా, వాళ్లు నీ ఇంటికే వస్తున్నారు! పనిముట్లతో! నువ్వు తిట్టిన తిట్లు వాళ్ల దగ్గరున్నాయి, నీ చిరునామా ఉంది, నీ గడియల లెక్క నేనే చెప్పేశాను. స్టేషనుకి పరిగెత్తి మీ ఊరి స్టేషను కౌంటరుకి ఫోన్ చేయిస్తే ఎవరూ ఎత్తలేదు. ఈ ఉత్తరం సాయంత్రం బండి గార్డు చేతిలో పెడుతున్నాను. నిన్ను ఎరుగుదునన్నాడు. కారు కంటే బండి ముందు రాదని తెలుసు. అయినా రాయకుండా ఉండలేను.

ఎవరు పిలిచినా తలుపు తియ్యకు.

ఇట్లు, స్టేషను బెంచీ మీద నుంచి
నీ పిచ్చుక

తా.క. దీని పేరు హడలు. నిఘంటువు తీయక్కర్లేకపోయింది.

జూన్ 23, సోమవారం

పిచ్చుకా, క్షేమం. ఒక కాలు తప్ప తక్కినదంతా క్షేమం.

నీ ఉత్తరం గార్డు తెచ్చిచ్చేటప్పటికి ఆ గడియారాల మనిషి నా ఇంట్లోనే ఉన్నాడు. జరిగింది చెప్తాను. నవ్వితే నా మీద ఒట్టు.

నిన్న తెల్లవారగానే తయారై, కింది రెండు గడియలూ తీసి, మూడోది తీద్దామని స్టూలెక్కాను. స్టూలు ఒరిగింది. పడ్డాను. చీలమండ బూరెలా ఉబ్బింది. లేవలేను, పై గడియ అందదు. దొంగకి అందకూడదని పెట్టించుకున్న గడియ కింద నేలమీద కూర్చుని మీ ఊరి బండి వెళ్లిపోయిన కూత విన్నాను. కేకలు వేశావా అంటావు. వెయ్యలేదు. కేక వేస్తే ఎవరైనా వస్తారని భయం.

మధ్యాహ్నం దాటాక మెట్ల మీద అడుగుల చప్పుడు. "ఎవరు?" అన్నాను.

"మీరు ఉత్తరం రాశారు కదమ్మా, ఆ గడియారాల వాణ్ణి. వస్తానని రాలేదని వచ్చాం."

"నేను బాగానే ఉన్నాను. వెళ్లండి."

"మంచిది. మీ గొంతు నేలమీద నుంచి వస్తోంది, అందుకని అడిగాను. తలుపు పైన వెంటిలేటర్లోంచి తీగ పెడితే గడియ వస్తుంది. మీరు ఊఁ అంటేనే తీస్తాం."

నేను ఊఁ అనలేదు. ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక ఉన్నారా అంటాను, ఉన్నామంటాడు. ఫ్యాను సంగతి గట్టిగా అడిగాను. ఆ బేకరీ అమ్మాయి తల్లిని ఆసుపత్రిలో చేర్చారట, వార్డులో గాలాడటం లేదని ఇంట్లో ఫ్యానూ బట్టలూ ఆ అమ్మాయే తెమ్మందట. దేవుడున్నాడా లేడా అని కూడా అడిగాను. "నాకు ఉన్నాడమ్మా, మీ సంగతి మీరు చెప్పండి" అన్నాడు. ఇంతలో ఎదురింటామె తలుపు తీసి వాళ్లకి టీ ఇచ్చింది. ఆమె గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు తెలీదు. "అగ్గిపెట్టె తిరిగిద్దామని ఎన్నిసార్లు వచ్చానో, ఆవిడ తీయదండీ" అంటోంది.

దీపాలు పెట్టే వేళకి ఊఁ అన్నాను.

మాస్టారు భుజమ్మీద ఎక్కి, తీగతో గడియ లాగేశాడా పెద్దమనిషి. దూకేటప్పుడు ఆయన నడుం పట్టేసింది. ఇప్పుడు ఆయన ఎదురింటి సోఫాలో, నేను నా మంచంలో. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి, ఎదురింటామె అటూ ఇటూ తిరుగుతోంది. నా తాళంచెవి ఆమెకిచ్చాను. తనది నాకిచ్చింది.

నీ భయాల్లో ఒకటి మర్చిపోయావే. బెంగ. తక్కినవన్నీ మన కోసం మనం పడేవి. బెంగ ఇంకొకరి కోసం పడేది. పనిముట్ల పెట్టెతో పరిగెత్తుకొచ్చింది అదే.

ఈ ఉత్తరం మాస్టారు చేతికిచ్చి పంపుతున్నాను, ఈ రాత్రికే అందుతుంది. గడియారాల ఆయన రెండు రోజుల వరకు కదల్లేడు. ఆయనింట్లో ఒక ముసలి పిల్లి ఉందట, నిన్నటి నుంచి పాలు లేవు. అందుకని రేపు పొద్దున్నే లేచి, పంచదార డబ్బాలోంచి ఆ తాళంచెవి తీసి, చీమలు దులిపి, వెళ్లి తలుపు తియ్యి. పిల్లి భయపడుతుంది, నెమ్మదిగా పిలువు. వచ్చేటప్పుడు ఆసుపత్రి మీదుగా వచ్చి, నీ గది తాళంచెవి ఆ బేకరీ అమ్మాయి చేతిలో పెట్టు.

ఇట్లు, తలుపు తీసి పడుకోబోతున్న
అత్త

తా.క. మూడో గడియ ఊడదీయించేశాను. తక్కిన రెండూ ఉంచాను. ఒక్కరోజులో అంత మారలేను.