గౌరికి పెట్టిన తవుడు

కార్తీక సోమవారం, రాత్రి

నోటితో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

మా గుర్రం గౌరి సాయంత్రం చనిపోయింది. పొద్దున్న మా ఆయన దానిమీద కాలువగట్టున ద్రాక్షారామం దాకా వెళ్ళొచ్చి, మళ్ళీ పనిమీద బయటికెళ్ళారు. పాపం అలిసిందని, పాడిగేదెకు పెట్టినట్టే బకెట్టు నిండా తవుడు కలిపి పెట్టాను. గుర్రానికి పిడికెడు మించకూడదని ఆయన ఎన్నిసార్లు చెప్పారో! మధ్యాహ్నానికి కడుపు ఉబ్బి, నేలమీద పొర్లింది.

"ఏం పెట్టారండి?" అన్నారు, ఆయన వెంటబెట్టుకొచ్చిన పశువుల డాక్టరుగారు.

"రోజూ వేసే గడ్డేనండి. నేనే మరీ దూరం తిప్పాను," అన్నారు ఆయన.

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు కూడా జీను ఒళ్ళో పెట్టుకుని, "నేనే చంపుకున్నానే," అంటున్నారు. "ఊరుకోండి," అన్నాను.

స్వామీ, ఈ కాగితాలు ఎవరి కంటా పడనివ్వకు. అలాగని నన్ను వీటిని చింపనివ్వకు.